నాయక్‌కు మిగిలిన మాట

హెలికాప్టర్ మమ్మల్ని దించేసరికి ఉదయం పది దాటింది. రెక్కలు తిరుగుతూనే ఉన్నాయి. అంత ఎత్తులో ఇంజన్ ఆపితే మళ్లీ అందుకుంటుందన్న నమ్మకం ఉండదు. తల వంచుకుని దూకాం. మూటలు లాక్కున్నాం. వెనక్కి పోవాల్సిన వాళ్లు ఎక్కారు. ఆ చప్పుడు లోయలోకి జారిపోయాక గాలి ఒక్కటే మిగిలింది.

సరిహద్దు కొండల్లో, పద్దెనిమిది వేల అడుగుల పైన ఒక గట్టు. గట్టు మీద మంచులో సగం మునిగిన మూడు గుడిసెలు. ఒకటి పడుకోవడానికి, ఒకటి వంటకు, ఒకటి రేడియోకూ మందులకూ. మూడింటినీ కలుపుతూ ఒక తాడు. మంచు తుఫాను లేస్తే ఆ తాడు పట్టుకునే ఒక గుడిసె నుంచి ఇంకో గుడిసెకు పోవాలి. వదిలితే పది అడుగుల్లో మనిషి తప్పిపోతాడు. ఒంటి మీద మూడు పొరల బట్టలు, నడుముకు తాడు, కళ్లకు నల్లద్దాలు. గ్లవ్స్ తీసి ఇనుము ముట్టుకుంటే తోలు ఊడి వస్తుంది.

మా కంబదూరులో ఎవరైనా అక్కడ ఎట్లుంటుందని అడిగితే నేను ఒకటే చెబుతాను. మే నెలలో మన మిట్టలు చూడండి. ఎరుపు తీసేసి తెలుపు పెట్టండి. అంతే ఖాళీ. నీళ్లు కావాలంటే మంచు తవ్వి తెచ్చి, కిరసనాయిలు స్టవ్ మీద కరిగించాలి.

మేం తొమ్మిది మందిమి. పోస్టు కమాండర్ సుబేదార్ సాబ్‌ది కొండల ప్రాంతం, మాట తక్కువ. హవల్దార్ రాజస్థాన్ ఎడారి మనిషి. మందులు చూసే నర్సింగ్ అసిస్టెంట్‌ది ఒడిశా. నేను రేడియో ఆపరేటర్ని, ర్యాంకు నాయక్, చొక్కా చేతి మీద రెండు పట్టీలు. ఇంకొకతని పేరులోనే నాయక్ ఉంది. శంకర్ నాయక్. ర్యాంకు సిపాయి. మొదటి హాజరులో సుబేదార్ సాబ్ "నాయక్" అని పిలిస్తే ఇద్దరం ఒకేసారి "సాబ్" అన్నాం. ఆయన మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసి, "పట్టీల నాయక్, పేరు నాయక్" అని తేల్చేశాడు. అదే ఖాయమైంది.

పేరు నాయక్ నన్ను పట్టుకున్నది మొదటి రోజే. మూట తాడు గడ్డకట్టి ముడి రాకపోతే నేను తెలుగులో తిట్టుకుంటున్నాను. వెనక నుంచి నవ్వు వినిపించింది.

"ఏమప్పా, యాడిది మనది?"

"కంబదూరు. నీది?"

"గుమ్మఘట్ట దగ్గర తాండా అన్నా. లంబాడోల్లం."

ఆ గట్టు మీద ఆ నాలుగు మాటలు వినడం అంటే ఏమిటో ఇక్కడ ఉన్నవాళ్లకు చెప్పలేను.

పోస్టులో హిందీనే మాట్లాడాలని ఆర్డరు. తప్పుపట్టాల్సిన ఆర్డరు కాదు. తుఫానులో ఒకడు అరిచింది ఇంకొకడికి అర్థం కాకపోతే ప్రాణం పోతుంది. గంటకోసారి నేను కింది క్యాంపుతో రేడియోలో మాట్లాడేవాణ్ని. అదీ హిందీనే. నా హిందీ ముక్కలు ముక్కలు. ఏది ఆడ, ఏది మగ అన్నది నాకు పద్నాలుగేళ్ల సర్వీసులోనూ పట్టుబడలేదు. పేరు నాయక్ హిందీ మాత్రం పుట్టినప్పటి నుంచి మాట్లాడినట్టుండేది. ఎట్లా వచ్చిందని అడిగాను.

"మా తాండా మాట రోంత అట్లే ఉంటాదిలే అన్నా" అన్నాడు. అనేసి అటూ ఇటూ చూశాడు. ఆ పూట మళ్లీ దాని ఊసెత్తలేదు.

వారానికోసారి శాటిలైట్ ఫోన్ దొరికేది. మనిషికి కొద్ది నిమిషాలే. నా పక్కనే కూర్చుని మాట్లాడాలి, సెట్టు నా చేతిలో ఉంటుంది కాబట్టి. అతను ముందు కూతురితో మాట్లాడేవాడు. పేరు ఇందు, నాలుగో తరగతి, రాయదుర్గంలో ఇంగ్లీషు మీడియం. "భోంచేశావా? బాగా చదువుకుంటున్నావా?" అని ఒక్కో మాట ఏరి పెట్టినట్టు మాట్లాడేవాడు.

"ఏమప్పా, టీవీ తెలుగు మాట్లాడతాండావు?" అని ఏడిపించాను ఒకసారి.

"పాప అట్లే మాట్లాడతాదన్నా. నేను తింటివా అంటే నవ్వుతాది."

తర్వాత తాండాలో ఉన్న తన తల్లికి చేసేవాడు. అప్పుడు అతని భుజాలు కిందికి దిగేవి. గొంతు వేరే మనిషిది అయ్యేది. మాట వేగం రెట్టింపు. మొదటి మాట మాత్రం ఎప్పుడూ ఒకటే, "యాడీ". యాడి అంటే అమ్మ అని అతనే చెప్పాడు. ఆ భాషలో నేను నేర్చుకున్నది ఆ ఒక్క మాటే.

ఒకసారి హవల్దార్ గుడిసెలోకి వస్తూ ఆ మాటలు విని ఆగిపోయాడు. ఫోను పెట్టేశాక అడిగాడు.

"ఇదేం భాష? మా నానమ్మ మాట్లాడినట్టుందే."

"ఏదో అడవి భాష సాబ్" అన్నాడు నాయక్ తల దించుకుని. "రాతా గీతా లేదు దానికి."

హవల్దార్ ఇంకేదో అడగబోయాడు. నాయక్ పార పట్టుకుని బయటికి పోయాడు.

ఆ రోజు మంచు తవ్వుతూ నాతో చెప్పాడు. అక్కడ తవ్వుతూ మాట్లాడడం కష్టం, నాలుగు పారలకోసారి ఊపిరికి ఆగాలి. ఆగినప్పుడల్లా కాస్త చెప్పాడు. ఆరేళ్లకు బడికి పంపారట. సారు చెప్పేది ఒక్క ముక్క తెలిసేది కాదట.

"ఒంటికి పోవాలని అడగనీక నాకు తెలుగు రాలేదన్నా. కూచున్న కాడనే పోసుకున్న. అందరూ నవ్విరి. మూడో తరగతి దాంకా నన్ను ఆ పేరుతోనే పిల్చిరి."

"ఏం పేరు?"

మళ్లీ నాలుగు పారలు తవ్వాడు.

"అందుకే మా పాపకు తెలుగే. ఇంగ్లీషు. నా భార్యకు గట్టిగా చెప్పినా, ఇంట్లో తాండా మాట వద్దని. మాయమ్మ వచ్చినా పాపతో తెలుగే మాట్లాడల్ల. మాయమ్మకు సంతలో బేరమాడే తెలుగే వచ్చేది. అయినా సరే అన్న."

"మరి అవ్వకు బాధగా ఉండదా?"

"ఉండాదిలే. పాప బాగుపడితే సాలు."

నాకూ అది న్యాయంగానే తోచింది. మా నాయన మాట్లాడే మాటలు నా కొడుకు నోట్లో సగం లేవు. ఎవరం ఆపగలం?

సాయంత్రాలు మేమిద్దరం స్టవ్ దగ్గర కూర్చుని వానల పేర్లు చెప్పుకునేవాళ్లం. తుంపర, జడి, పదును వాన. పదును అయితేనే శెనక్కాయ వేస్తాం కదా, ఎంత తడిస్తే పదును అనాలో ఇద్దరం వాదించుకునేవాళ్లం. చుట్టూ ఎక్కడా వాన అన్నదే పడని చోట. హవల్దార్ కూడా చేరి వాళ్ల ఎడారిలో వానకున్న పేర్లు చెప్పేవాడు. ఒకటి రెండు వినగానే నాయక్ ముఖం వెలిగేది. తెలిసిన మాటలేమో. కానీ తెలుసని ఎప్పుడూ అనలేదు.

మూడో నెలలో తుఫాను వచ్చింది. రెండు రోజులు కదలనివ్వలేదు. రెండో రోజు ఉదయం గుడిసె కప్పు మీద మంచు దించడానికి నాయక్ వంతు. దించి లోపలికి వచ్చాడు. కుడి చేతి గ్లవ్ తీయబోయాడు. చెయ్యి లేవలేదు. దాన్నే చూస్తూ నిలబడ్డాడు. నోరు ఒక పక్కకు లాగింది. మోకాళ్ల మీద కూలబడ్డాడు.

నర్సింగ్ అసిస్టెంట్ పడుకోబెట్టి ఆక్సిజన్ పెట్టాడు. హిందీలో పేరు అడిగాడు. నాయక్ చూశాడు గానీ పలకలేదు. మళ్లీ అడిగాడు. అప్పుడు మాస్కు కింద నుంచి మాట వచ్చింది. ముద్దముద్దగా, కానీ వరసగా, ఆగకుండా.

"క్యా బోల్ రహా హై?" అన్నాడు నర్సింగ్ అసిస్టెంట్. ఏమంటున్నాడని.

అందరూ నా వైపు చూశారు.

"నీ ఊరివాడే కదా" అన్నాడు సుబేదార్ సాబ్. "అడుగు."

నేను వంగాను. "నాయక్, నేనప్పా. యాడ నొస్తాంది? తలకాయా?"

అతను నన్ను చూసిన చూపు నేను ఎవరికీ వర్ణించలేదు. కోపం కాదు, బాధ కాదు. సంతలో తెలియని మనిషి వచ్చి చెయ్యి పట్టుకుంటే చూస్తామే, అట్లా చూశాడు. నా తెలుగు అతనికి చప్పుడు అయిపోయింది.

రేడియోలో డాక్టర్ సాబ్ దొరికాడు. గరగరమంటూ గొంతు వస్తోంది.

"తల ఎటువైపు నొప్పి? కళ్లకు రెండుగా కనిపిస్తోందా? అడిగి చెప్పండి. ఓవర్."

"సాబ్, చెప్తున్నాడు. అర్థం కావడం లేదు. ఓవర్."

"ఏ భాష? ఓవర్."

ఆ భాష పేరేమిటో కూడా నాకు తెలియదు. "వాళ్ల తాండా భాష సాబ్" అన్నాను.

హవల్దార్ వచ్చి నాయక్ నోటి దగ్గర చెవి పెట్టాడు. కళ్లు మూసుకుని విన్నాడు. "పాణి అంటున్నాడు. నీళ్లు." తర్వాత, "తల అన్నట్టుంది." మళ్లీ విన్నాడు. తల అడ్డంగా ఊపాడు. "దగ్గరికి వచ్చినట్టే వచ్చి పోతోంది."

"యాడి అంటే అమ్మ" అన్నాను నేను. నా దగ్గరున్నది అదే.

చిత్రం చూడండి. నేనూ అతనూ ఒక జిల్లా వాళ్లం. ఒకే ఎండకు ఎండినవాళ్లం. మా మిట్టల మీద మేకలు తోలుకునే తాండా వాళ్లను పుట్టినప్పటి నుంచి చూశాను. సంతలో పక్కపక్కనే నిలబడ్డాం. ఆ మాట నా చెవుల పక్క నుంచి ముప్పై ఏళ్లు పోయింది. ఎక్కడో ఎడారి నుంచి వచ్చిన మనిషికి అందింది కూడా నాకు అందలేదు.

నీళ్లు ఇవ్వకూడదన్నాడు డాక్టర్, గొంతులో అడ్డం పడుతుందని. అతను పాణి అంటూనే ఉన్నాడు. పెదాలకు తడిగుడ్డ అద్దాం. అది కాక ఇంకొక పొడుగు మాట ఉంది. అదే మళ్లీ మళ్లీ చెప్పాడు. ప్రతిసారీ ఒకే తీరులో మొదలయ్యేది, చివర్లో గొంతు పైకి లేచేది, ఏదో అడిగినట్టు. మిగిలిన ఎనిమిది మందిలో దానికి జవాబు చెప్పగలిగినవాడు లేడు.

మరుసటి రోజు మధ్యాహ్నం మబ్బు కాస్త విడింది. హెలికాప్టర్ వచ్చింది. స్ట్రెచర్ మోసుకుపోతుంటే ఎడమ చేత్తో నా కోటు పట్టుకున్నాడు. ఆ పొడుగు మాటే మళ్లీ చెప్పాడు.

"సరే నాయక్, సరే" అన్నాను.

దేనికి సరే అన్నానో తెలియదు. చెయ్యి వదిలాడు.

నేను ఆ గట్టు దిగేసరికి ఎండాకాలం వచ్చింది. కింద ఫోను అందగానే అతని భార్యకు చేశాను. బతికాడని చెప్పింది. మెదడులో రక్తం గడ్డకట్టిందట. కుడి పక్క పడిపోయింది. ఆస్పత్రిలో హిందీలో, తెలుగులో, కన్నడంలో పలకరించి చూశారట. గొణుగుడు తప్ప జవాబు లేదు. మాట పూర్తిగా పోయిందనుకున్నారట.

"అత్త వచ్చి పక్కన కూచున్నంక మాట్లాడినాడన్నా" అంది ఆమె. "తాండా మాట. అదే ఉండాది. తక్కినవి లేవు."

"మళ్లీ వస్తాయన్నారా?"

"కొందరికి వస్తాయంట. కొందరికి రావంట. ముందు నేర్చిందే గట్టిగా నిలబడతాదని డాక్టరు చెప్పినాడు."

మరుసటి ఏడు నా సర్వీసు అయిపోయింది. ఇంటికి వచ్చాను. కొన్నాళ్లు నా నోరు నా మాట వినలేదు. నీళ్లకు పానీ, సరేకు ఠీక్ హై. మా నాయన రెండు రోజులు ఊరుకుని మూడో రోజు అన్నాడు. "ఏమప్పా, ఇంటికొచ్చినావా, ఇంకా ఆడనే ఉండావా?" ఆయన నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

శ్రావణంలో నాయక్‌ను చూడడానికి పోయాను. కళ్యాణదుర్గం మీదుగా రాయదుర్గం, అక్కడి నుంచి గుమ్మఘట్ట బస్సు. బస్సులో సగం తెలుగు, సగం కన్నడం. దిగి మట్టిదారిన నడిచాను. పదును కాక చాలా చేలు దున్ని వదిలేసి ఉన్నాయి. వేసినచోట శెనక్కాయ మొక్క జానెడు లేచి మాడిపోయింది. మిట్ట మీద గాలిమరలు తిరుగుతున్నాయి.

రాయదుర్గం గది ఖాళీ చేసి వాళ్లు తాండాకే వచ్చేశారు. రేకుల ఇల్లు, ముందు చిన్న పంచ. పంచలో మంచం మీద నాయక్ కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. జుట్టు పెరిగింది. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. అది నాకు స్పష్టంగా తెలిసింది. ఎడమ చేత్తో పంచ గుంజ పట్టుకుని లేచి నిలబడ్డాడు. కుడి చెయ్యి పక్కన వేలాడుతోంది. ఏదో అన్నాడు. ఒక చిన్న మాట.

లోపలి నుంచి పాప వచ్చింది. ఇందు. హాస్టల్ నుంచి రెండు రోజుల సెలవుకు వచ్చిందట, ఇప్పుడు ఆరో తరగతి.

"మమ్మీ పనికి పోయింది అంకుల్. అవ్వ మేకల కాడ ఉంది."

నాయక్ మళ్లీ ఆ మాట అన్నాడు. నా వైపే చూస్తూ.

"ఏమంటున్నాడమ్మా?"

"నాకు రాదంకుల్" అంది పాప. "అవ్వ కాడ నేర్చుకుంటున్నా. రోంత రోంత. నేను ఆ మాటలు చెప్తే డాడీ ఒకోసారి నవ్వుతాడు, ఒకోసారి ఏడుస్తాడు. తప్పు చెప్తున్నానో, సరిగ్గా చెప్తున్నానో తెలీదు."

నాయక్ గొంతు పెంచాడు. అదే మాట. పాప పరిగెత్తి చెంబుతో నీళ్లు తెచ్చింది. తల అడ్డంగా ఊపాడు. మాత్రల డబ్బా తెచ్చింది. కాదు. గోడకున్న అతని పటాలం ఫోటో తీసి తెచ్చి చూపించింది, నేను వచ్చానని దాన్ని అడుగుతున్నాడేమోనని. కాదు. పాప మమ్మీ పాత ఫోను తెచ్చి అతని నోటి దగ్గర పెట్టింది. మాట చెబితే తెలుగులోకి మారుస్తుందట అది. ఏ భాష అని అడిగింది ఫోను. పాప వేలితో కిందికి జరుపుతూ పోయింది. చాలా భాషలున్నాయి. నేను పేరు కూడా వినని దేశాలవి ఉన్నాయి. చివరిదాకా పోయింది. ఇది లేదు.

"నాయక్, ఏం కావల్లప్పా? చెప్పు" అన్నాను. చెబుతూనే ఉన్నాడు. నేను దగ్గరికి పోయి చెవి పెట్టాను, హవల్దార్ పెట్టినట్టే. చెమట వాసన, మందు వాసన. మాట స్పష్టంగా వినిపించింది. ఒక్క అక్షరం తప్పిపోలేదు. అర్థం మాత్రం లేదు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. కుడి కాలు సన్నగా వణుకుతోంది.

పాప ముఖం ఎర్రబడింది. "డాడీ, డాడీ" అంటూ అతని చొక్కా పట్టుకుంది. తర్వాత వదిలేసి అవ్వ కోసం మిట్ట వైపు పరుగు తీసింది.

మేమిద్దరం మిగిలాం. ఎదురెదురుగా నిలబడ్డాం. అతను ఆ మాట ఇంకా రెండుసార్లు అన్నాడు, ఈసారి మెల్లగా. నేను అతని భుజం మీద చెయ్యి వేశాను. గాలిమరల చప్పుడు వింటూ చాలాసేపు అట్లాగే ఉన్నాం.

ముసలామె వచ్చింది. చేతిలో మేకల కర్ర. రొప్పుతోంది. కొడుకును ఏదో అడిగింది. అతను ఆ మాట చెప్పాడు. ఆమె నన్ను చూసింది, మంచాన్ని చూసింది.

"ఏం లేదు సామీ" అంది. "బేస్ అంటాండాడు. కూచో అని. ఇంటికొచ్చినోడు నిలబడుకోని ఉంటే తానెట్ల కూచుంటాడు?"

నేను మంచం మీద కూర్చున్నాను.

ఆ గట్టు మీద నేను చూసినవి చాలా ఉన్నాయి. మంచు మనిషిని ఏం చేస్తుందో చూశాను. అవన్నీ కాలంతో పాటు మసకబారుతున్నాయి. ఇది మసకబారదు. ఒక్క చేత్తో గుంజ పట్టుకుని, వణికే కాలి మీద అంతసేపు నిలబడ్డ మనిషి. నేను కూర్చున్నాక ఆ చెయ్యి మెల్లగా గుంజ మీది నుంచి జారడం. వేళ్ల గుర్తులు చెమటతో ఆ గుంజ మీద తడిగా ఉండడం.